ఒక్క పగలు... నాలుగు దారులు!

ఓడ పొద్దున్నే రేవులో ఆగుతుంది. పొద్దుగూకేలోగా లంగరెత్తేస్తుంది. మధ్యలో దొరికేది ఏడెనిమిది గంటలు. ఆ కాస్త సమయంలో ఏం చూడాలి? ఇంటికి గుర్తుగా ఏం పట్టుకెళ్లాలి? ఉత్తర ఐరోపా దేశాల చుట్టూ ఓడల్లో విహరించే వాళ్లను ప్రతి రేవులోనూ వేధించే ప్రశ్నలివి. సముద్రం చూద్దామని నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు తీరానికి వచ్చే కుటుంబాలదీ ఇదే తంటా. కాకపోతే ఇక్కడ తొందరపెట్టేది ఓడ కాదు, రాత్రి రైలు!

బెర్లిన్ నేర్పే పాఠం

బాల్టిక్ సముద్రంలో తిరిగే విహార నౌకలకు ఎస్టోనియా రాజధాని టాలిన్ ఒక మజిలీ. రేవులో దిగి ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న పాతబస్తీ ఎదురవుతుంది. అవే ఓడలు జర్మనీలోని వార్నెముండె రేవులోనూ ఆగుతాయి. అక్కడ టూర్ల పట్టికలో పెద్దక్షరాలతో కనిపించే పేరు బెర్లిన్. తీరా చూస్తే ఆ నగరం రేవుకు మూడు గంటల దూరం. రానూపోనూ ఆరు గంటలు బస్సులోనే గడిచిపోతాయి. అందుకే నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లు 'ఏం చూపిస్తారు?' అని అడగరు. 'బస్సులో ఎంతసేపు, కాళ్ల మీద ఎంతసేపు?' అని అడుగుతారు.

కొనేటప్పుడూ అంతే. ఆ తీరంలో ఆంబర్ నగలకు మహా గిరాకీ. కోట్ల ఏళ్ల కిందటి చెట్ల బంక గట్టిపడి తయారైనదే ఆంబర్. దుకాణాల్లో దానికి ప్లాస్టిక్ కవలలూ ఉంటాయి. ఉప్పు బాగా కలిపిన నీళ్లలో వేస్తే అసలుది తేలుతుంది, నకిలీల్లో చాలావరకు మునిగిపోతాయి. ఈ చిన్న కిటుకు తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎందరో!

మన తీరం పక్క నుంచీ విహార నౌకలు వెళ్లాయి. 2022 జూన్‌లో 'ఎంప్రెస్' అనే నౌక చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభమైంది. దారిలో ఉన్న నెల్లూరు తీరంలో మాత్రం అలాంటి ఓడ ఆగే చోటు లేదు. ఇక్కడున్న కృష్ణపట్నం సరుకుల రేవు. కాబట్టి ఈ తీరాన్ని చూడాలంటే నేల మీద రావాల్సిందే. ఏ దారిన వెళ్లాలో, ఏం కొనాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

ఏ గూడూరు?

మొదటి చిక్కు పేరుతోనే! గూడూరు అనగానే చాలామందికి గుర్తొచ్చేది రైల్వే జంక్షన్. అది నెల్లూరుకు దక్షిణాన ఉంది. తోటపల్లి గూడూరు వేరు. అందరి నోళ్లలో టీపీ గూడూరుగా నలిగిన ఈ మండల కేంద్రం నెల్లూరుకు తూర్పున, సముద్రం వైపు ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్లు గూడూరులో దిగకూడదు, నెల్లూరులో దిగాలి.

నెల్లూరు దాటి తూర్పుకు తిరిగితే దారి పొడవునా వరి మళ్లు. ఇంకొంత దూరం పోయాక మళ్ల స్థానంలో రొయ్యల చెరువులు మొదలవుతాయి. వాటి మీద గిరగిరా తిరిగే గాలి చక్రాలు. ఆపైన సరుగుడు తోటలు. వాటి వెనకే హోరు... కోడూరు సముద్రం!

ఇక్కడి నుంచి ఒక పగటిలో తిరిగి రాదగినవి నాలుగు దారులు. నాలుగూ మంచివే. కానీ ఒక రోజుకు ఒకటే!

తూర్పు దారి: సగం రోజు చాలు

పిల్లాజెల్లాతో వచ్చి, ఎక్కువ తిరగలేమనుకునేవాళ్లకు ఇదే టాలిన్. తెల్లవారుజామునే కోడూరు చేరుకుంటే సూర్యోదయంతో పాటు ఒడ్డుకొచ్చే పడవలనూ, వలల్లోంచి చేపలు తీసే మత్స్యకారులనూ చూడొచ్చు. ఎండెక్కితే ఇసుక మీద నిలవడం కష్టం. అలల్లో దిగేముందు స్థానికుల మాట వినాలి. బంగాళాఖాతం పైకి కనిపించినంత నెమ్మది కాదు.

సముద్రానికి కాస్త ఇవతలే బకింగ్‌హామ్ కాలువ. మద్రాసు దగ్గర 1806లో మొదలైన ఈ కాలువను 1876-78 నాటి ధాత కరవులో, పనుల్లేక అల్లాడుతున్న జనానికి కూలి కల్పించేందుకు మరింత తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి స్థిరపడింది. కరవు కడుపుల చెమటతో తవ్విన ఆ నీళ్ల మీదే తర్వాత ధాన్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసు చేరేవి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. సరుకు పడవల సందడి మాత్రం మళ్లీ రాలేదు.

దారి పక్క చెరువులనూ ఆగి చూడాలి. 1990ల మొదట్లో ఈ తీరంలో రొయ్య బంగారమైంది. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ తెగులు ఎంతోమంది రైతులను ముంచింది. 1996లో తీరప్రాంత రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009లో వెనామీ రకానికి అనుమతి దొరికాక చెరువులు మళ్లీ కళకళలాడాయి. అమెరికావాళ్ల పళ్లేల్లోకి చేరే రొయ్య కావడంతో అక్కడి కబురు ఇక్కడి గట్టు మీద వినిపిస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆంధ్ర తీరం పొడవునా రైతులు గుండెలు చిక్కబట్టుకున్నారు. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లు ఈ చెరువుల సంగతి తెలుసుకోకుండా వెళ్తే సగమే చూసినట్టు.

పెన్న దారి: పెద్దవాళ్లతో హాయిగా

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే పెన్న ఒడ్డు మేలు. ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దీనికి ప్రాణం పోశారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి అండగా నిలిచిన రుస్తుంజీ పేరు మీద ఇక్కడో భవనం ఉంది. అరగంటలో చూసి వచ్చేయొచ్చు. కానీ నది ఒడ్డున ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే గంట ఇట్టే గడిచిపోతుంది.

అక్కడి నుంచి నెల్లూరు. పెన్న గట్టున రంగనాయకుల గుడి, దాని గాలిగోపురం. ఎండ తగ్గాక నది దాటి కోవూరు మండలం పాటూరు వెళ్తే మగ్గాల చప్పుడు వినొచ్చు. చీర కొనేముందు అది నేసే చేతులను చూడాలనుకునే వాళ్లకు ఇంతకన్నా దగ్గరి చోటు లేదు.

దక్షిణ దారి: చలికాలం అయితేనే

అక్టోబరు నుంచి మార్చి మధ్యలో వచ్చేవాళ్లు మొదట ఆలోచించాల్సింది దీని గురించే. నెల్లూరు నుంచి చెన్నై హైవే మీద వెళ్తే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా వస్తాయి. ఇంకొంచెం ముందుకెళ్తే నెల్లూరుకు దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో సూళ్లూరుపేట. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ సరస్సు. చిల్కా తర్వాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు ఇదే. అదృష్టం బాగుంటే రోడ్డు మీద నుంచే రాజహంసల గుంపులు కనిపిస్తాయి. కొన్నేళ్లు ఆగిపోయిన ఫ్లెమింగో పండుగను 2025 జనవరిలో మళ్లీ జరిపారు. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది. పక్షులకు ఆ సంగతి పట్టదు!

ఈ వైపే దుగరాజపట్నం ఉంది. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1626లో ఇక్కడ స్థావరం పెట్టుకుని ఆర్మగాన్ అని పిలిచారు. అప్పటికి మద్రాసు కోట లేనే లేదు. వాళ్లు సముద్రాలు దాటి వచ్చింది మన బట్టల కోసం! సరుకు అనుకున్నంత దొరక్కే 1639లో మద్రాసు వైపు కదిలారు. ఇంగ్లిషువాళ్ల ఓడ ఈ తీరాన ఆగింది కూడా నేత గుడ్డ కొనుక్కుపోదామనే.

వేసవిలో మాత్రం ఈ దారి వృథా. పక్షులు ఉండవు, సరస్సు చాలామేర ఎండిపోతుంది. మిగిలేది ఎండా, రోడ్డూ.

పడమటి దారి: మన బెర్లిన్!

నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. తీరం నుంచి బయల్దేరితే ఇంకా ఎక్కువ. కొండ మీది కోట ఎక్కి దిగాలంటే పొద్దున్నే మొదలుపెట్టాలి. పిల్లలతో, పెద్దవాళ్లతో ఒక్క పగటిలో ఇది సాధ్యం కాదని ముందే ఒప్పుకోవడం మంచిది.

కానీ జ్ఞాపికల సంగతి వచ్చేసరికి ఉదయగిరిని దాటి వెళ్లలేం. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో ఈ కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. గెలుపు గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి బయటికెళ్లిన జ్ఞాపికల్లో ఇంత పేరున్నది మరొకటి లేదు!

ఇప్పుడు ఆ ఊరి నుంచి బయటికెళ్లే జ్ఞాపిక చాలా చిన్నది. చెక్క గరిట.

గరిట వెనక చెయ్యి

ఉదయగిరి చెక్క గరిటలు, చెంచాలు, ఫోర్కులకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, దేవదారి, బిక్కి, కలివి లాంటి చెక్కే ముడిసరుకు. దాన్ని ముక్కలుగా కోసి, బాడిసతో చెక్కి, ఉలితో మలిచి, ఆకురాయితో నునుపు చేసి, పిడి మీద పువ్వులూ జాలీలూ తొలుస్తారు. రంగు లేదు, వార్నిషు లేదు. గిన్నెకు గీతలు పడవు, పిడి వేడెక్కదు.

చిక్కు ఎక్కడంటే... కొనేవాడు చూసేది చెంచా. చేసేవాళ్లు పెట్టింది గంటలు. బజారులో మిషన్ మీద దిగిన చెక్క చెంచా, ప్లాస్టిక్ చెంచా దీని పక్కనే ఉంటాయి. వాటి ధరకే ఇదీ ఇమ్మని బేరమాడితే ఆ తగ్గింపు చెక్క ఖరీదులోంచి రాదు, చేసినవాళ్ల కూలీలోంచే వస్తుంది. కూలి గిట్టకపోతే ఇంట్లో పిల్లలు ఉలి పట్టరు. కళలు అంతరించడం అంటే ఒక్కసారిగా ఏదో కూలిపోవడం కాదు. 'ఇంకో పది తగ్గించు' అన్న మాట కొన్నేళ్లపాటు వినీవినీ జరిగేదే.

ఉదయగిరి దాకా వెళ్లలేనివాళ్లు లేపాక్షి హస్తకళల షోరూముల్లో అడగొచ్చు. పిడి మీది పనిని దగ్గర పెట్టుకుని చూడాలి. చేత్తో చెక్కిన రెండు చెంచాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. డజను చెంచాలూ ఒక్క తీరుగా ఉన్నాయంటే అనుమానించాల్సిందే. ఇది మన ఉప్పునీళ్ల పరీక్ష!

వెంకటగిరి చీరకూ ఇలాంటి పరీక్షే ఉంది. సన్నని నూలు, జరీ అంచు, జాందానీ బుటాలు దీని ప్రత్యేకత. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత. జాందానీలో ఒక్కో బుటాకు విడిగా పోగు పెట్టి చేత్తో నేస్తారు. కాబట్టి చీరను తిరగేసి చూస్తే బుటాల మధ్య తెగ్గోసిన పోగుల కుచ్చు ఉండదు. మరమగ్గం నకలులో వెనక వైపు ఆ కత్తిరింపులు కనిపిస్తాయి. చేనేత ముద్ర ఉందో లేదో కూడా చూసుకోవాలి. నెల్లూరు నుంచి వెంకటగిరి 70-80 కిలోమీటర్లు. చీర కోసమే వెళ్లేవాళ్లకు అదో పూట పని. అంత తీరిక లేకపోతే పాటూరు ఉండనే ఉంది.

తినేవి, తేకూడనివి

గుర్తు అంటే అలమరలో పెట్టేదే కానక్కర్లేదు. నెల్లూరు మలై కాజా మర్నాటికి ఇంట్లో ఖాళీ అయిపోతుంది, పేరు మాత్రం నిలిచిపోతుంది. చేపల పులుసు మూట కట్టుకోలేం. మామిడికాయ ముక్కలు వేసి చింతపండు పులుపులో ఉడికించే ఆ పులుసు చేసిన రోజు కన్నా మర్నాడే బాగుంటుందని నెల్లూరు ఇళ్లలో అందరికీ తెలుసు. రొయ్యలు, ఎండుచేపలు కొనాలనుకుంటే తిరుగు ప్రయాణానికి ముందు, గట్టి మూత డబ్బా దగ్గర పెట్టుకుని కొనాలి. లేదంటే ఆ గుర్తు రైలు పెట్టె మొత్తానికీ మిగిలిపోతుంది!

బియ్యం కూడా జ్ఞాపికే. నెల్లూరు మొలగొలుకుల పేరు చెబితే పాతతరం వాళ్ల ముఖం వెలిగిపోతుంది. ఇప్పుడు మళ్లలో ఎక్కువగా కనిపించేవి నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన రకాలు. వాటిలో ఎన్ఎల్ఆర్ 34449, అంటే నెల్లూరు మసూరి, రాష్ట్రమంతా పాకింది. మొలగొలుకుల పేరుతో సంచి కనిపిస్తే అది ఎవరి పొలంలో పండిందో అడిగి కొనడం మంచిది.

ఇక తేకూడనివి. ఒడ్డున దొరికే మామూలు గవ్వ ఒకటి పిల్లవాడి జేబులో పడితే ఎవరూ కాదనరు. పెద్ద శంఖాలు, పగడపు ముక్కలు, ఎండిన సముద్రపు గుర్రాలు ఎవరైనా అమ్మజూపితే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని రకాల శంఖాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. చలికాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ గుంటలను తవ్వకూడదు. రాత్రిళ్లు ఇసుక మీద టార్చిలైట్లు వేసుకుని తిరగకూడదు. కోటల్లో, గుళ్లలో రాయి ముక్క జేబులో వేసుకోవడమూ తప్పే. రాయలవారి కాలం వేరు!

తిరిగిచ్చే గుర్తు

ఈ జిల్లాలో కొనలేని జ్ఞాపిక ఒకటుంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. మతంతో పనిలేకుండా జనం నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, పెళ్లి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా! కోరిక ఉన్నవాళ్లు అది తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. తమ కోరిక తీరాక మరో ఏడాది వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి రొట్టె ఇస్తారు.

మామూలు జ్ఞాపిక 'నేనక్కడికి వెళ్లొచ్చాను' అంటుంది. ఈ రొట్టె 'మళ్లీ రావాలి' అంటుంది. చెక్కినవాళ్లను చూసి కొన్న గరిటైనా, మగ్గం ముందు నిలబడి ఎంచుకున్న చీరైనా చేసేది ఆ పనే. వాడినప్పుడల్లా ఊరు గుర్తొస్తుంది. మొదటి రోజు ఒక్క దారే చూసినవాళ్లకు ఇంకా మూడు మిగిలే ఉంటాయి!

ఎలా వెళ్లాలి?

నెల్లూరు చెన్నై-విజయవాడ రైలు మార్గంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అక్కడి నుంచి టీపీ గూడూరు, కోడూరు వైపు బస్సులు, ఆటోలు ఉంటాయి. విమానంలో వచ్చేవాళ్లు తిరుపతిలోనో చెన్నైలోనో దిగి రోడ్డున రావాలి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వానలు, తుపాన్లు ఎక్కువ. బయల్దేరే ముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోవాలి. సగం రోజే ఉంటే తూర్పు దారి, పెద్దవాళ్లు వెంట ఉంటే పెన్న దారి, చలికాలమైతే దక్షిణ దారి, కొండ ఎక్కే ఓపిక, రోజంతా సమయం ఉంటే పడమటి దారి. రెండు దారులు ఒకే రోజు కలిపితే మిగిలేది కారు కిటికీయే!